ఐదో కడుగు

సబ్బునీళ్ళలోంచి తీసిన గాజుపలకను గజేందర్ డిస్టిల్డ్ వాటర్‌తో ఒకసారి కడిగి, మరోసారి కడిగి స్టాండులో నిలబెట్టాడు. ఐదుసార్లు కడగాలని సింకు పైన రాసి ఉంది. ఆ సంగతి అతనికి పదకొండేళ్ళుగా తెలుసు. కానీ రెండుసార్లకే గాజు తళతళలాడుతుంటే మిగతా మూడూ దేనికి? జగిత్యాల దగ్గరి వాళ్ళ ఊళ్ళో, ఎండాకాలం, తల్లి ఎల్లవ్వ బిందెడు నీళ్ళతో ఇంటెడు గిన్నెలూ తోమేది. నీళ్ళు పారబోసే చేతికి అన్నం పుట్టదనేది. దోహా వచ్చినా ఆ మాట అతని చేతిని వదల్లేదు.

యాభై రెండేళ్ళ పొట్టి మనిషి. సబ్బుకు నాని నాని చేతులు మాత్రం ఎనభై ఏళ్ళవాడివిలా ముడతలు పడ్డాయి. ల్యాబులో ఏ కాగితం మీదా అతని పేరు ఉండదు. కడిగేవాడి పేరు ఎవరు రాస్తారు?

ఈ రోజు కడగాల్సినవి తక్కువే. వేదవతి మేడం వెళ్ళిపోతోంది. ఆస్పత్రిలో రోగులకు పెట్టే గొట్టాలకు బ్యాక్టీరియా అంటుకోకుండా ఒక పూత తయారుచెయ్యాలని ఆమె మూడేళ్ళు కష్టపడింది. ముందు గాజు మీద పూసి చూసేది. పూత నిలిచేది కాదు. పొరలుగా లేచిపోయేది, ఆ సందుల్లో బ్యాక్టీరియా హాయిగా కాపురం పెట్టేది. పైవాళ్ళు పట్టినంత ఓపిక పట్టి, పోయిన నెల ప్రాజెక్టు మూసేశారు.

మధ్యాహ్నం ఆమె తన అట్టపెట్టె సర్దుకుని సింకు దగ్గరికి వచ్చింది.

"నా పూతలోనే ఏదో లోపం ఉంది గజేందర్ గారూ. గాజు మీద సబ్బు కాస్త మిగిలినా ఇలాగే లేచిపోతుంది. మా బాస్ అడిగారు కూడా, గాజు సరిగ్గా కడుగుతున్నారా అని. మా గజేందర్ గారు కడిగితే ఇంక చూడక్కర్లేదని చెప్పేశాను."

అతని చెయ్యి ఆగిపోయింది.

"సబ్బు మిగిలితె కండ్లకు కనవడదా మేడం?"

"కనబడదండీ. అందుకేగా ఐదుసార్లు."

మూడేళ్ళుగా ఆమె గాజును తను కడిగింది రెండుసార్లే. చెప్పాలి. చెబితే ఆమె ఇప్పుడే పై అంతస్తుకు వెళ్ళి ఇంకో రెండు నెలలు అడిగి తెచ్చుకుంటుంది. చెబితే తన కొలువు పోతుంది. అంతకన్నా, "మా గజేందర్ గారు" అన్న ఆ మాట పోతుంది. ఈ దేశంలో అతన్ని అలా అన్న మనిషి ఆమె ఒక్కతే. నోటిదాకా వచ్చినదాన్ని మింగేశాడు. సిగ్గుపడుతూనే మింగాడు.

"ఏమైనా అనబోయారా?"

"ఏం లేదు మేడం. పైలంగ పోయి రాండ్రి."

నాలుగింటికి కారొచ్చింది. అల్ వుకైర్‌లో ఇల్లు అప్పగించేసి, రాత్రి విమానానికి ఆమె వెళ్ళిపోతుంది. కారు మలుపు తిరిగేదాకా అతను కిటికీలోంచి చూశాడు. గేటుదాకా పరిగెత్తి ఉంటే అందేదే. ఆమె నంబరున్న ఫోను జేబులోనే ఉంది. అది బయటికి తీయలేదన్న బాధ ఇక బతికినన్నాళ్ళూ అతన్ని వదలదు.

సింకు దగ్గరికి తిరిగొచ్చి చివరి గాజుపలకను కడిగాడు. రెండు. మూడు. నాలుగు. ఐదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. లైటు ఆర్పి, కార్మికుల క్యాంపు బస్సుకు వెళ్ళిపోయాడు.

స్టాండు చివర, పూత పూసేవాళ్ళు లేని ఆ ఒక్క పలక నీళ్ళోడుతూ నిలబడి ఉంది.