ఎదురుకాళ్ళ చాంద్‌బీ

చాంద్‌బీ గడప ముందు ఎవరో ఒకరు బోర్లా పడుకోని ఆదివారం మా ఉదయగిరిలో ఉండేది కాదు. చాంద్‌బీ ఎదురుకాళ్ళతో పుట్టిన మనిషి. అందరూ తల ముందు పెట్టి ఈ లోకంలోకి వస్తే ఆమె కాళ్ళు ముందు పెట్టి వచ్చింది. అట్లా పుట్టినవాళ్ళు ఎడమ కాలితో మూడుసార్లు తొక్కితే పట్టేసిన నడుము వదులుతుందని మా వైపు నమ్మకం. నమ్మకం అంటున్నాను గానీ, నా నడుము నిజంగానే రెండుసార్లు వదిలింది. ఎందుకు వదిలిందో నన్నడక్కండి. విస్తరాకులు కుట్టుకునేదాన్ని, వంగి కుట్టడం తెలుసు గానీ నడుము లోపల ఏముందో నాకేం తెలుసు.

ఆమె ఇంటికీ మా ఇంటికీ మధ్య ఒకటే గోడ. ఆదివారం పొద్దున నేను వసారాలో ఆకులు ముందేసుకుని కూర్చుంటే తమాషా అంతా కనిపించేది. తొక్కించుకున్నందుకు పైసా ఇవ్వకూడదు. లేచి వెనక్కి చూడకుండా పోవాలి. పోతూ పోతూ "వస్తానమ్మా" అనకూడదు. అంటే మనిషితోపాటు నొప్పి కూడా వస్తుందట. ఒకసారి అనంతసాగరం నుంచి రామనారాయణరెడ్డి జీపులో దిగాడు. సొంత ఊళ్ళో ఆయన ముందు భుజం మీది కండువా దించకుండా నడిచే మొనగాడు లేడు. అంతటి మనిషి చాంద్‌బీ వాకిట్లో తువ్వాలు పరుచుకుని బోర్లా పడుకున్నాడు. ఆమె తలమీదికి చీర కొంగు లాక్కుని, ద్వారబంధం పట్టుకుని, ఆ మల్లెపూవులాంటి చొక్కా మీద ఎడమ కాలు పెట్టింది. ఆ రోజు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ తగ్గలేదు.

చాంద్‌బీ భర్త నబీ రసూల్ చెక్క గరిటెలు, చెంచాలు చేసేవాడు. చెంచా కాడ మీద తీగలూ ఆకులూ చెక్కేవాడు. చెక్కను కాలివేళ్ళ మధ్య బిగించి, పొద్దుట్నించీ సాయంత్రం దాకా దాని మీదికి వంగిపోయి కూర్చునేవాడు. నోరు మాత్రం ఊరుకునేది కాదు.

"సుబ్బరత్నక్కా, తాలూకా అంతా నా పెళ్ళాం కాలి కింద పడుకునింది. నేనొక్కడినే తప్పించుకున్నా," అనేవాడు.

"నీ రోజు కూడా వస్తుందిలేరా," అనేదాన్ని.

"యాడ రానిస్తాది మా అమ్మ?" అనేవాడు నవ్వుతూ. వాళ్ళమ్మ ఖాదర్‌బీ అందులో కచ్చితమైన మనిషి. ఊరందరినీ తొక్కినా తొక్కవచ్చు గానీ మొగుడి మీద పెళ్ళాం కాలు పడితే పాపం అని కోడలు కాపురానికి వచ్చిన రోజే చెప్పేసింది.

దివిసీమ ఉప్పెన వచ్చిన మరుసటి ఏడాది నబీ రసూల్‌కి వీపు నొప్పి మొదలైంది. వంగి చేసే పని కదా, ఎవరికి రాదు అనుకున్నాం. ఆముదం రాశారు, ఇసుక వేయించి మూట కట్టి కాపడం పెట్టారు. తగ్గలేదు. సాయంత్రం అయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడేది. మనిషి చిక్కిపోయాడు. ఒకరోజు నూనె రాస్తూ రాస్తూ చాంద్‌బీ చెయ్యి ఆపేసి నా దగ్గరికొచ్చింది.

"అక్కా, వీపు మధ్యలో ఒక పూస బయటికి పొడుచుకోనొచ్చుండాది. నాకు భయంగా ఉండాది," అంది.

బస్సులో ఆత్మకూరు పోయాం. నేనూ పోయాను, ఆమెకు ఆసుపత్రిలో మాట్లాడటం చేతకాదని. డాక్టరు నెల్లూరు పంపి ఎక్స్‌రే తీయించుకు రమ్మన్నాడు. తెచ్చాక ఆ ఫిల్మును కిటికీ వెలుతురుకు పట్టి చూపించాడు.

"ఇది టీబీ. ఊపిరితిత్తులకే రావాలని లేదు, ఎముకకీ వస్తుంది. ఈ రెండు పూసలూ లోపల గుల్లబారినాయి. ఏడాదిన్నర మందులు వాడాలి. చెక్క మీద కదలకుండా పడుకోవాలి, లేచి కూర్చోకూడదు. అట్లా ఉంటే ఎముక కట్టుకుంటుంది, మళ్ళీ నడుస్తాడు. నొక్కడం, రుద్దడం, తొక్కడం ఇట్లాంటివి ఏవీ చేయించబాకండి. పూస జారిందంటే లోపలి నరం నలిగిపోతుంది. ఇక కాళ్ళు పోయినట్టే."

తొక్కడం అన్న మాట వినగానే చాంద్‌బీ బల్ల మీద కూర్చున్నది కూర్చున్నట్టే కాళ్ళు రెండూ చీర అంచు కిందికి లాక్కుంది.

ఆ రోజు నుంచి ఆమె ఎవరినీ తొక్కలేదు. ఆదివారాలు వచ్చినవాళ్ళకు తలుపు తీయలేదు. కలువాయి నుంచి పడుతూ లేస్తూ వచ్చిన ఒక ముసలాయన వాకిట్లో నిలబడి నోటికొచ్చినట్టు తిట్టిపోయాడు. నబీ రసూల్ చెక్క మీద పడుకున్నాడు. కాంపౌండరు వచ్చి ఇంజెక్షను వేసిపోయేవాడు. మందులు పడుతున్నాయి గానీ నొప్పి దారి నొప్పిదే. ఎముక కట్టుకోవడానికి నెలలు పడుతుందని డాక్టరు ముందే చెప్పాడు. చెప్పడం సులువు. గోడకివతల కూర్చుని వినే నాకే ఆ మూలుగుకు అన్నం దిగేది కాదు. ఒక్కోసారి నోట్లో గుడ్డ కుక్కుకుని అరిచేవాడు.

అప్పుడే ఆత్మకూరు సత్రానికి మద్రాసు నుంచి ఒక డాక్టరు నెలకోసారి వస్తున్నాడనీ, చైనా వాళ్ళ పద్ధతిలో వెంట్రుకంత సన్నటి సూదులు గుచ్చి నొప్పులు తీస్తున్నాడనీ తెలిసింది. కబురు పెడితే పాపం, బస్సెక్కి ఉదయగిరి దాకా వచ్చాడు. ఫిల్ము చూసి వీపు జోలికే పోలేదు. చేతుల మీదా, మోకాళ్ళ వెనకా సూదులు గుచ్చి కాసేపు ఉంచి తీశాడు.

"ఇది నొప్పికి మాత్రమే. జబ్బుకు మందు ఆ ఇంజెక్షన్లే, అవి ఆపబాకండి," అని చెప్పి వెళ్ళిపోయాడు.

నబీ రసూల్ రెండు రోజులు హాయిగా నిద్రపోయాడు. కూర అడిగి వేయించుకుని తిన్నాడు. "అక్కా, సూదులతో కుట్టేసినాడు, ఇంక నేను విస్తరాకునే," అని నన్ను ఆట పట్టించాడు. చాంద్‌బీ ఎన్నాళ్ళకో తల దువ్వుకుంది.

మూడోనాడు నొప్పి మళ్ళీ వచ్చింది. సూదుల డాక్టరు వచ్చే నెల దాకా రాడు. అప్పటిదాకా ఎట్లాగో ఓర్చుకున్న మనిషి, ఆ రెండు రోజుల సుఖం ఎరిగాక ఒక్క పూట కూడా ఓర్వలేకపోయాడు. నేనైనా అంతే. అప్పుడు పట్టుకున్నాడు పెళ్ళాన్ని.

"చాంద్, కాలు పెట్టవే. ఒక్కసారి పెట్టు."

ఆమె పెట్టనంది. ఇక ఊరు మొదలుపెట్టింది. బస్టాండులో టీ అంగడి మాల్యాద్రి, "ఊరందరి నడుములు తొక్కినాది, మొగుడి కాడికొచ్చేసరికి కాలు రాలేదంట. మనసులో ఏం పెట్టుకోనుండాదో," అన్నాడు. అంగడి ముందు కూర్చున్నవాళ్ళు అవునవునన్నారు. వాళ్ళలో సగం మంది ఆమె కాలి కింద లేచినవాళ్ళే. ఇంట్లో ఖాదర్‌బీ కూడా తిరగబడింది. కడుపున పుట్టినవాడు కళ్ళముందు గిలగిల కొట్టుకుంటుంటే ఆ ముసలిదానికి మాత్రం ఏ నియమం నిలుస్తుంది?

"పాపమంతా నా నెత్తిన వేసుకుంటా. నువ్వు తొక్కు," అంది కోడలితో.

చాంద్‌బీ మా వసారాలోకి వచ్చి ఆకుల పక్కన కూలబడింది.

"అక్కా, డాక్టరు చెప్పింది నిజమా, నా కాలు నిజమా?"

"డాక్టరు చెప్పిందే నిజం మే."

"మరి నీ నడుము ఎట్లా వదిలింది?"

"నాది ఒట్టి పట్టు, వాడిది జబ్బు," అన్నాను. పుట్టినప్పటి నుంచీ అందరూ ఆమెకు చెప్పిన మాట ఒకటే. నీ కాల్లో నొప్పి తీసే గుణం ఉంది అని. దాన్ని అబద్ధమనుకోమంటే ఆమె ఎట్లా అనుకుంటుంది? నిజమనుకుంటే మొగుణ్ణి అట్లా అరవనిచ్చి ఎట్లా ఊరుకుంటుంది?

శుక్రవారం మధ్యాహ్నం, మగవాళ్ళు నమాజుకు పోయిన వేళ, పక్కింట్లో గొంతులు లేచాయి. పోయి చూద్దును కదా, ఖాదర్‌బీ కొడుకును బోర్లా తిప్పుతోంది.

"అందరికీ పెట్టే కాలు నాకెందుకు పెట్టవు? నేనేం చేసినా నిన్ను?" అని ఏడుస్తున్నాడు నబీ రసూల్.

"డాక్టరు వద్దన్నాడు గదా," అంది చాంద్‌బీ.

"నా నొప్పి డాక్టరు పడతాడా?"

"వద్దు మే చాంద్‌బీ! కాళ్ళు పోతాయని చెప్పినాడు. నేను కూడా విన్నా," అని గడపలో నుంచే అరిచాను.

ఖాదర్‌బీ నా వైపు తిరిగింది. "నీ కొడుకు ఇట్లా అరిస్తే అప్పుడు చెబుదువు నీతులు," అంది. నాకు కొడుకులు లేరు. ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది.

చాంద్‌బీ గోడకు చెయ్యి ఆనించింది. ఎడమ కాలు ఎత్తి అతని వీపు మీద ఆనీ ఆననట్టు పెట్టి తీసింది. "అది తొక్కడమా? గట్టిగా," అన్నాడు. రెండోసారి ఇంకాస్త గట్టిగా. మూడోసారి కళ్ళు మూసుకుని అందరికీ ఎట్లా తొక్కుతుందో అట్లాగే తొక్కింది.

ఏ చప్పుడూ కాలేదు. నబీ రసూల్ పొడుగ్గా ఊపిరి వదిలాడు.

"పోయింది," అన్నాడు. "అమ్మా, పోయింది!"

ఖాదర్‌బీ కోడలి మొహం చుట్టూ చేతులు తిప్పి, తన కణతలకు ఆనించి మెటికలు విరిచింది. చాంద్‌బీ నవ్వుతూ ఏడుస్తూ అక్కడే కూర్చుండిపోయింది. అబద్ధమెందుకు, నేనూ సంతోషపడ్డాను. చదువుకున్న డాక్టరు మాట పట్టుకుని అనవసరంగా నోరు చేసుకున్నానే అని సిగ్గు కూడా పడ్డాను. వెల్లకిలా తిప్పి పడుకోబెట్టాక అతను టీ అడిగాడు. ఖాదర్‌బీ పెట్టుకొచ్చింది. చెంచాతో పోస్తే తాగాడు.

"కాళ్ళు కొంచెం దగ్గరికి పెట్టు చాంద్," అన్నాడు.

"నువ్వే పెట్టుకో, నొప్పి పోయినాదిగా," అంది ఆమె గారంగా.

అతను పెట్టుకోబోయాడు. మొహంలో నవ్వు ఇంకా అట్లాగే ఉంది. కాళ్ళు కదల్లేదు.

నెల్లూరు తీసుకుపోయారు. నెలలు ఉంచారు. ఎవరైనా వీపు తొక్కారా అని డాక్టర్లు అడిగితే నబీ రసూల్, "లేదు సార్, చెక్క మీంచి జారి పడినా," అన్నాడట. చాంద్‌బీ పక్కనే ఉండి కూడా నోరు తెరవలేకపోయానని నాతో చెప్పి ఏడ్చింది. జబ్బు నయమవుతోందన్నారు. పూసలు కట్టుకుంటున్నాయన్నారు. కాళ్ళ సంగతి మాత్రం, స్పర్శ తిరిగొస్తే ఆశ ఉంటుంది, రాకపోతే లేదన్నారు. ఇంటికి పంపేశారు.

నరం లేని నాలుక ఎటైనా తిరుగుతుందంటారు. మా ఊరి నాలుక తిరిగిన తిరుగుడు నేనెక్కడా చూడలేదు. అదే మాల్యాద్రి, అదే టీ అంగడిలో, "మొగుడి మీద కాలు పెడితే ఊరికే పోతుందా?" అన్నాడు. మొన్న అవునవునన్న నోళ్ళే మళ్ళీ అవునవునన్నాయి. ఒకరోజు అంగడి ముందు నిలబడి వాణ్ణి నాలుగు తిట్టాను. ఏం లాభం? ఖాదర్‌బీ కోడలితో మాటలు మానేసింది. వచ్చినవాళ్ళందరికీ, "నా బిడ్డను కాలితో తన్నింది," అని చెప్పుకుని ఏడ్చేది. చాంద్‌బీ ఆ మాటకు ఎదురు చెప్పలేదు. మలమూత్రాలు ఎత్తేది, ఒళ్ళు తుడిచేది, పుండ్లు పడకుండా అటూ ఇటూ తిప్పేది. ఇంట్లో ఉన్నా లేనట్టే తిరిగేది.

నబీ రసూల్‌కి ఇప్పుడు నొప్పి లేదు. నడుము కింద ఏదీ లేదు. పడుకునే చెంచాలు చెక్కుదామని చూశాడు గానీ, చెక్కను బిగించి పట్టడానికి కాలివేళ్ళు లేకపోయె.

ఒక పొద్దున నేను సంకటి తీసుకుని పోయేసరికి అతను ఉత్సాహంగా ఉన్నాడు. కుడి కాలిలో ఏదో జివ్వుమన్నట్టు అనిపించిందట.

"నిజం అక్కా. చీమ పాకినట్టు," అన్నాడు. తర్వాత చాంద్‌బీని పిలిచాడు. "ఇట్రా. నా కాళ్ళ మీదెక్కి నిలబడు."

ఆమె బిత్తరపోయింది. "నేను పెట్టను. నా కాలు ఇంకెవరి మీదా పెట్టను."

"వీపు మీద కాదు, కాళ్ళ మీద. పోయిన కాళ్ళకు ఇంకేమవుతాది? బరువంతా వేసి నిలబడు. నొప్పి పుడతాదేమో చూద్దాం. కొంచెం పుట్టినా చాలు, చాంద్. కొంచెమైనా చాలు."

ఆమె నా వైపు చూసింది. ఎక్కమనీ అనలేదు, వద్దనీ అనలేదు నేను. అతను పైకప్పు వైపు చూస్తూ పడుకున్నాడు. వీపు కదలకూడదని తల కూడా ఎత్తబాకన్నారు డాక్టర్లు. చాంద్‌బీ గోడ పట్టుకుని ఎడమ కాలు అతని మోకాలి కింద పెట్టింది. రెండో కాలు కూడా పైకి తీసుకుంది. గోడ మీది చెయ్యి తీసేసి మొత్తం బరువుతో నిలబడింది. ఎండుకట్టెల్లాంటి ఆ కాళ్ళు చెక్క మీద కొంచెం పక్కకు ఒరిగాయి. ఆమె దవడలు బిగించి అట్లాగే నిలబడి ఉంది. చెంపల మీదుగా నీళ్ళు కారుతున్నాయి, చప్పుడు లేదు.

నబీ రసూల్ పైకప్పు చూస్తూ కాసేపు ఎదురుచూశాడు.

"భయపడబాక చాంద్," అన్నాడు. "ఎక్కు."