ఖాళీ పేజీ నా ఘనతే

నేను ఒక రబ్బరును, పెన్సిలు రాతల్ని చెరిపే రకాన్ని. గాయని కథ గాయనే చెప్పుకోవాలి గానీ మధ్యలో నీకేం పని అంటారేమో. ప్రిస్కిల్లా పైకి రావడానికి కారణమైన పది నిమిషాలూ నా చేతిమీదుగానే నడిచాయి మరి!

ఫ్యాక్టరీలో నాతోపాటు వేలమంది పుట్టారు. నన్ను రేపల్లెలో ఒక లెక్కల మాస్టారు కొన్నారు. తాను తప్పు రాయనని ఆయనకు గట్టి నమ్మకం. అందుకే పనిలేక కూర్చున్న నేను, ఆయన కూతురు ప్రిస్కిల్లా సంచిలో సికింద్రాబాదు చేరాను.

ఆమెది సోప్రానో గొంతు, అంటే ఆడగొంతుల్లో అన్నిటికన్నా పైన పలికేది. బరోక్ సంగీతమంటే పిచ్చి. మూడువందల ఏళ్ళనాటి ఐరోపా పాటలవి. వాటిలో మొదటి భాగాన్ని చివర్లో మళ్ళీ పాడాలి. ఆ రెండోసారి గాయని సొంత మెలికలు వేసి పాడాలి. సొంతం అనగానే మనుషులకు చెమటలు పడతాయి. అందుకే గురువు గ్లాడిస్ టీచర్ ఆ మెలికలన్నీ తనే పుస్తకంలో పెన్సిలుతో రాసిచ్చేవారు.

"రాసింది రాసినట్టు పాడు తల్లీ. సొంత తెలివి వద్దు" అనేవారు.

విల్సన్ గారి సంగీత బృందంలో ఒక్క సోప్రానో స్థానం ఖాళీ అయింది. ప్రిస్కిల్లాకు అప్పటికి ముప్పైమూడేళ్ళు, ఇలాంటి ఎంపికల్లో రెండు ఓటములు. ఇదీ పోతే కచేరీల ఆశ వదులుకోవాల్సిందే. ఎంపిక రోజున తలుపు బయట కూర్చుని ఉండగా, లోపల ముందు వెళ్ళిన అమ్మాయి ప్రిస్కిల్లా పాడబోయే పాటే ఎత్తుకుంది. రెండోసారి వచ్చేసరికి ప్రిస్కిల్లా మొహం పాలిపోయింది. అవే మెలికలు, ఒక్కటి తేడా లేదు!

బయటికొచ్చిన ఆ అమ్మాయి ప్రిస్కిల్లా ఒళ్ళో ఉన్న పుస్తకంలోని రాత చూసి, "మీరూ గ్లాడిస్ టీచర్ దగ్గరేనా అక్కా?" అంది.

అప్పుడు తీసింది ప్రిస్కిల్లా నన్ను. అబ్బ, ఏం చెరిపింది! సగం ఒళ్ళు అరిగిపోయింది నాకు. పేజీ చిరుగుతుందేమోనని ఆమె భయం. నాకు మాత్రం ఏ భయమూ లేదు.

లోపల రెండోసారి పాడేటప్పుడు, రేపల్లె చర్చిలో వాళ్ళమ్మ కీర్తన చివర తీసే జారుడొకటి తెచ్చి అక్కడ పెట్టింది. ఒకచోట తడబడబోయి నిలదొక్కుకుంది.

"ఎవరు రాసిచ్చారమ్మా ఇది?" అన్నారు విల్సన్ గారు, పుస్తకం అందుకుంటూ. పేజీలో నా పొడి తప్ప ఏమీ లేదు.

"నాదేనండి" అంది ప్రిస్కిల్లా.

స్థానం దక్కింది. తర్వాత పన్నెండేళ్ళు ఊరూరా కచేరీలే. పోయిన నెల సికింద్రాబాదు కచేరీ అయ్యాక గ్లాడిస్ టీచర్ చేతికర్రతో తెర వెనక్కి వచ్చారు.

"ఆ చివరి జారుడు బాగుందే! మా పిల్లలకు రాసివ్వు తల్లీ."

ప్రిస్కిల్లా పెన్సిలు తీసింది, ఆలోచించింది, మళ్ళీ సంచిలో వేసేసింది. శనగగింజంత మిగిలిన నన్ను ఆవిడ అరచేతిలో పెట్టి, రెండు చేతులతో ఆ చెయ్యి మూసింది. టీచర్ పిడికిలి విప్పకుండానే కర్ర పట్టుకుని వెళ్ళిపోయారు. నాకు ఆవిడమీద జాలేసింది.

నెలరోజులు ఆవిడ బల్ల సొరుగులో ఉన్నాను. నిన్న ఒక శిష్యురాలి పుస్తకం తెరిచి, తన రాతమీదే నన్ను ఆనించారు.