మూడో వరస

మనసు చెడిందని నిరూపించుకోవాలంటే ముందు మనిషికి బోలెడంత బుద్ధి ఉండాలి. వైకల్య భత్యాల కార్యాలయం పద్ధతి అది. సిస్టరమ్మ మొదటిసారి అర్జీ తన చేత్తోనే నింపింది. దస్తూరి ముత్యాల్లా ఉందని, ఇంత చక్కగా రాసే మనిషికి మనసు చెదిరిందంటే నమ్మలేమని తిప్పికొట్టారు. రెండోసారి కూతురు నింపింది. అర్జీదారు స్వయంగా నింపలేదని మళ్లీ తిప్పికొట్టారు. మరి ఎవరు నింపాలో ఆ కార్యాలయంలో ఒక్కరూ చెప్పలేదు. మూడోసారి కూతురే ఎడమచేత్తో నింపి, తల్లిచేత సంతకం పెట్టించింది. ఆ కోడిగీతలు వాళ్లకి నచ్చాయి. డాక్టర్ల బోర్డు ముందు హాజరు కమ్మని కబురొచ్చింది.

సిస్టరమ్మ అసలు పేరు వీధిలో ఎవరికీ గుర్తులేదు. సైన్యంలో నర్సుగా చేసి, రెండు యుద్ధాలు చూసి వచ్చిన మనిషి. కూతురు కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీస్తుంది. ఇంట్లో ఉండేది వాళ్లిద్దరే.

జబ్బేమిటంటే, పెద్ద చప్పుడు వినిపిస్తే సిస్టరమ్మ మనుషుల్ని వరసలు పెడుతుంది. మూడు వరసలు. కిందటేడు వాళ్లు ఎక్కిన బస్సుకి టైరు పేలింది. ఎవరి ఒంటి మీదా గీత కూడా పడలేదు. అయినా సిస్టరమ్మ అందర్నీ దింపి రోడ్డు పక్కన పడుకోబెట్టింది. ఆ గొంతు విన్నవాళ్లు ఎందుకని అడగరు. డ్రైవరు కూడా కిమ్మనకుండా వెళ్లి మొదటి వరసలో పడుకున్నాడు. మూడో వరసలోకి నిక్షేపంలాంటి బ్యాంకు మేనేజరూ, నలుగురు కాలేజీ పిల్లలూ, సొంత కూతురూ వచ్చారు. వాళ్లకి తలో గుక్క నీళ్లు పట్టి, నుదుటి మీద చెయ్యి వేసి, ఇక వాళ్లవంక చూడలేదు. కూతురు ఈ సంగతి దుకాణంలో పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతూ చెప్పింది. ఇంటికొచ్చాక తల్లి తిండి ముట్టకుండా రోజుల తరబడి గోడకేసి కూర్చుంటే ఆ నవ్వు ఎటు పోయిందో తెలియలేదు.

సైనిక ఆసుపత్రిలో ఇలాంటివాళ్లకి వైద్యం ఉంది. కాని ఆ తలుపు తెరుచుకోవాలంటే బోర్డు సంతకం కావాలి. కూతురు కాళ్లరిగేలా తిరిగింది ఆ సంతకం కోసమే. భత్యం వస్తే వచ్చింది, లేకపోతే లేదు. తల్లి ఇలా కూర్చుని కూర్చుని ఒకనాటికి లేవనే లేవదేమోనని ఆమె భయం.

హాజరు రోజున, ఇవాళ ఏమీ చెయ్యొద్దని, ఊరికే కూర్చోమని తల్లికి దారిపొడుగునా చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. సిస్టరమ్మ బుద్ధిగా తలూపింది. హాలు నిండా మాజీ సైనికులు. కర్రలవాళ్లు, చక్రాల కుర్చీలవాళ్లు, పైకి ఏ దెబ్బా కనపడనివాళ్లు. బల్ల వెనక గుమాస్తా నోటికొచ్చిన పేరు నోటికొచ్చినట్టు పిలుస్తున్నాడు. పిలిచినవాళ్లు రారు, వచ్చినవాళ్లని పిలవడు. అతనికి తలప్రాణం తోకకొచ్చింది. అక్కడున్నవాళ్లకి ఆ తోక కూడా మిగల్లేదు.

అంతలో బంట్రోతు ఇనుప బీరువా తలుపు ధడాలున వేశాడు. తుపాకుల మోత విని వచ్చినవాళ్లు కూర్చునే చోట బీరువా తలుపు అలా వెయ్యాలన్న ఆలోచన ఆ కార్యాలయానికే రావాలి. హాల్లో సగంమంది ఉలిక్కిపడ్డారు. సిస్టరమ్మ లేచి నిలబడింది.

కూతురు చెయ్యి పట్టుకుని లాగింది కాని లాభం లేకపోయింది. చూస్తూ ఉండగానే హాలంతా మూడు వరసలయింది. మూడో వరసవాళ్లకి మూలనున్న కూజాలోంచి నీళ్లు అందాయి. గుమాస్తా కాసేపు గుడ్లప్పగించి చూసి, ఆపైన ఆనందంతో తబ్బిబ్బయ్యాడు. మొదటి వరసని ముందు, రెండో వరసని తర్వాత లోపలికి పంపించాడు. ఎప్పుడూ చీకటి పడేదాకా సాగే పని మధ్యాహ్నానికే ఒక కొలిక్కి వచ్చింది. కూతురు మొదట సిగ్గుతో చచ్చిపోయింది, తర్వాత ఆశపడింది. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి, బోర్డువాళ్లు తలుపులోంచి కళ్లారా చూస్తున్నారు కదా అనుకుంది.

చూశారు. మధ్యలో గుమాస్తా వీళ్లని లోపలికి పంపినప్పుడు, బోర్డు పెద్ద, కోటు గుండీలు పొట్టతో పోరాడుతున్న డాక్టరుగారు, స్వయంగా లేచి సిస్టరమ్మకి కుర్చీ చూపించాడు. తన హయాంలో ఈ హాలు ఇంత క్రమంగా నడవలేదన్నాడు. ఇంత చురుకైన మనిషికి జబ్బేమిటని అటూ ఇటూ ఉన్న డాక్టర్లని అడిగాడు. వాళ్లు జీతం తీసుకునేది తలలూపడానికే కనక ఊపారు.

"అది చురుకు కాదండీ, అదే జబ్బు," అంది కూతురు.

"ఇలాంటి జబ్బు మా గుమాస్తాకి వస్తే ఎంత బాగుండునమ్మా," అన్నాడు పెద్ద. ముగ్గురూ నవ్వుకున్నారు. ఆరోగ్యంగా ఉన్నట్టు రాయడానికి కలం మూత తీశాడు.

కూతురికి ఒళ్లు మండిపోయింది. ఆ మంటలో, ఇన్నేళ్లూ అడక్కుండా దాటేస్తూ వచ్చిన మాట అడిగేసింది.

"అమ్మా, మూడో వరస అంటే ఏంటి?"

సిస్టరమ్మ తన చేతులు చూసుకుంది. తర్వాత, పని నేర్పుతున్నదానిలా నెమ్మదిగా చెప్పింది.

"మందులు తక్కువ, మనుషులు ఎక్కువ. బతికేవాళ్లని ముందు చూడాలి. కాస్త ఆగగలిగేవాళ్లు రెండో వరస. మూడో వరసవాళ్లు బతకరు. వాళ్లమీద కట్టుగుడ్డ కూడా వాడకూడదు. నీళ్లు పట్టి ఇటు తిరిగిపోవాలి, అంతే. ఒకతను మాత్రం అడుగుతూనే ఉన్నాడు, సిస్టర్ నా వంతెప్పుడు అని. వస్తోంది నాన్నా అన్నాను. అతని గొంతు ఆగిపోయేదాకా అదే చెప్పాను."

పెద్ద చేతిలో కలం ఆగింది. ఏదో ఒకటి అడక్కపోతే బాగుండదు కనక, మీ అమ్మాయిని ఏ వరసలో పెడతారని అడిగాడు.

"మూడులోనే. సొంత మనిషిని ముందు పెట్టుకుంటే మిగతా తల్లులకి ఏం చెప్పను?"

దుకాణంలో తాను నవ్వుతూ చెప్పిన కథ ఇదా అనుకుంది కూతురు. తన నుదుటి మీద చెయ్యి వేసి ఇటు తిరిగినప్పుడు ఆ తల్లి ఏమైపోయి ఉంటుందో అప్పుడు తెలిసింది. వచ్చిన ఏడుపుని ఆపుకోలేదు. పెద్ద జబ్బు తీవ్రమని రాసి, సంతకం పెట్టి, దాని కింద ఒక గీత గీశాడు. ఆయన చూపించగల జాలి అంతవరకే.

బయటికొస్తే హాలు ఖాళీ. గుమాస్తా హుషారుగా ఎదురొచ్చాడు. సిస్టరమ్మగారి పద్ధతి తనకి పూర్తిగా అర్థమైందని, మూడో వరస అంటే చూడక్కర్లేనివాళ్లే కదా అని, వాళ్లందర్నీ వచ్చే నెల రమ్మని ఇప్పుడే పంపేశానని చెప్పాడు. పై వారం కూడా ఆవిడ వస్తే తన పని ఇంకా సులువవుతుందన్నాడు.

సిస్టరమ్మ మొహంలో నెత్తుటిచుక్క లేదు. గబగబా మెట్లు దిగిపోయింది. కూతురు కిటికీ దగ్గరికి పరుగెత్తి చూసింది. కర్రల మీదా, చక్రాల మీదా, ఒకరి భుజం ఒకరు పట్టుకునీ వాళ్లు ఎండలో మెల్లగా పోతున్నారు. తల్లి వాళ్లవెంట పడి పిలుస్తోంది. ముందు ఒకరు ఆగారు. తర్వాత అందరూ ఆగి వెనక్కి తిరిగారు. మూడో వరస తనంతట తాను కదిలి సిస్టరమ్మ దగ్గరికి వస్తోంది. ఆవిడ ఒక్కొక్కరి చెయ్యీ పట్టుకుని చూసి, లోపలికి పంపుతోంది.

కూతురు గుమాస్తా కుర్చీ లాక్కొచ్చి బోర్డు గది గుమ్మానికి అడ్డంగా వేసుకుని కూర్చుంది. భోజనానికి బయల్దేరిన పెద్ద డాక్టరు గుమ్మంలో ఆగి, ఇదేమిటన్నట్టు చూశాడు.

"వెళ్లి కూర్చోండి డాక్టరుగారూ," అంది కూతురు. "ఇంకో వరస ఉంది."