పొరుగింటి వాంగ్మూలం

డ్రెయిను గట్టు మీద మొత్తం పదకొండు ఇళ్లు. వాటిలో పదిళ్లవాళ్లకి ఊరికి దక్షిణాన వేసిన లేఅవుట్‌లో సెంటున్నర చొప్పున స్థలం వచ్చింది. రానిది హన్నాకి ఒక్కదానికే.

ఆడవాళ్ల పేరు మీద ఆ పట్టాలు రాసిన ఏడాది ఆవిడ పేరు ఇంకా పలివెలలో, పుట్టింటివాళ్ల రేషన్ కార్డులోనే ఉంది. పెళ్లయి పన్నెండేళ్లయినా మార్పించుకోలేదు. అప్పట్లో అంత తొందరేమీ కనిపించలేదు మరి. భర్త స్టీఫెన్ కొబ్బరి దింపు తీసేవాడు. పొద్దున్న చెట్టెక్కితే మధ్యాహ్నానికి నలభై చెట్ల కాయ నేల మీదుండేది. అలాంటి మనిషి ఆ తర్వాతి వానాకాలంలో తడి చెట్టు మీంచి జారి నడుం విరగ్గొట్టుకున్నాడు. నడుం కింద స్పర్శ పోయింది. అప్పట్నుంచీ మంచమే అతని లోకం. హన్నా దగ్గర్లోని పీచు మిల్లులో పనికి పోయి, మధ్యమధ్యలో వచ్చి అతన్ని చూసుకుంటోంది.

పక్కిల్లు వీరదుర్గది. భర్త పోయాడు, పిల్లల్లేరు. కువైట్‌లో ఒకరింట్లో పనికి కుదిరి నాలుగేళ్లయింది. స్టీఫెన్ పడ్డ రోజున ఆవిడ సెలవు మీద ఊళ్లోనే ఉంది. అతని తల ఒళ్లో పెట్టుకుని ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లింది ఆవిడే. పదకొండు రోజులు వార్డులో నేల మీద పడుకుంది, తిరుగు ప్రయాణం టిక్కెట్టు కూడా మార్పించుకుంది. స్టీఫెన్ ఆవిణ్ణి అక్కా అనేవాడు. హన్నా దుర్గక్కా అనేది.

కిందటి కార్తీకంలో గట్టు మీదికి నోటీసులొచ్చాయి. డ్రెయిను వెడల్పు చేస్తారట, నెల రోజుల్లో ఖాళీ చెయ్యాలట. హన్నా ఆ పూట మిల్లు మానేసి ఊరి సచివాలయానికి పరుగెత్తింది. అక్కడ సంక్షేమం పనులు చూసే యామిని మంచి పిల్ల. కుర్చీ చూపించి కూర్చోబెట్టింది.

“మీకు అర్హత ఉందండీ. కార్డు కూడా ఇప్పుడిక్కడే ఉంది కదా. స్థలాలే లేవండీ.”

“మంచం మీద మనిషిని పెట్టుకుని నేనెక్కడికి ఎల్లనండీ?”

“సోమవారం మండలాఫీసులో అర్జీ ఇవ్వండి. పైనుంచి ఏదైనా చెయ్యొచ్చు.”

హన్నా సోమవారం వరసలో నిలబడి అర్జీ ఇచ్చింది. చీటీ మీద నంబరు వేసి ఇచ్చారు. తొమ్మిదో రోజున ఫోనుకి సందేశం వచ్చింది. మీ అర్జీ పరిష్కరించబడినది. స్టీఫెన్ దాన్ని రెండుసార్లు పైకి చదివి నవ్వాడు. హన్నా ఆ ఫోను పట్టుకుని యామిని దగ్గరికి వెళ్లింది.

“ఏం పరిష్కరించేరండీ?”

యామిని కంప్యూటర్లో చూసి తల దించుకుంది. “స్థలం లేదని జవాబు రాసేరండీ. జవాబు రాస్తే పరిష్కరించినట్టేనండి.”

బయట అరుగు మీద సర్పంచిగారి భర్త శివనాగరాజు కూర్చుని ఉన్నాడు. పదవి భార్యది, పెత్తనం ఆయనది. హన్నా మెట్లు దిగుతుంటే పిలిచాడు.

“ఏం హన్నమ్మా, లేదన్నారా?”

“ఆయ్, లేదంటండి.”

“ఎందుకు లేదు? మీ వీరదుర్గ స్థలం ఖాళీగా పడుంది. ఊళ్లో లేని మనిషికి ఊళ్లో స్థలం దేనికి? ఇల్లు కట్టిందా? కట్టదు. కువైట్ మరిగినవాళ్లు మళ్లీ ఈ గట్టుకి వస్తారేటి?”

“ఆవిడకి ఇక్కడే కదండీ అన్నీ.”

“నీకెక్కడుంది మరి? మంచాన్ని పడవలో పెట్టుకుని తిరుగుతావా?” ఆయన గొంతు తగ్గించాడు. “పొరుగింటివాళ్లు ఒక్క మాట చెప్తే చాలు, ఆ పట్టా రద్దవుద్ది. తర్వాత వరసలో ఉన్నది నీ పేరే. నేను చూసుకుంటాను.”

హన్నా ఇంటికొచ్చింది. స్టీఫెన్‌కి చెప్పలేదు. రెండు రోజులు మిల్లులో పీచు దుమ్ము మధ్య అదే ఆలోచన. గట్టు మీద ఒక్కొక్కరే రేకులు విప్పుకుని లేఅవుట్‌కి తోలుకుపోతున్నారు. మూడో రోజు మధ్యాహ్నం వీఆర్వో కాగితాలతో వచ్చాడు. స్టీఫెన్ నిద్రలో ఉన్నాడు. హన్నా వీధిలోకొచ్చి తలుపు దగ్గరగా వేసింది.

ఆయన రాసుకొచ్చిందే చదివాడు. “సదరు వీరదుర్గ గత నాలుగేళ్లుగా ఈ గ్రామమున నివసించుట లేదనియు, ఇకమీదట వచ్చు ఉద్దేశము లేదనియు, సదరు స్థలము ఆమెకు అవసరము లేదనియు, పొరుగింటివారైన హన్నా స్వచ్ఛందముగా తెలియజేసినారు.”

“వచ్చే ఉద్దేశం లేదని నేనెలా చెప్తానండీ?”

“అది ఫారమమ్మా. అందరికీ అలాగే రాస్తాం.”

“ఆ స్థలం నాకిస్తారని కూడా ఇందులోనే రాయండి బాబూ.”

“అది వేరే ఫైలు. ముందు ఇది తెమలాలి కదా.”

ఆవిడ పక్కింటి తలుపు వంక చూడకుండా ఉండాలని చూసింది. పెన్ను తీసుకుని, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ సంతకం చేసింది. వీఆర్వో వెళ్లిపోయాక చాలాసేపు గుమ్మంలోనే కూర్చుంది. తప్పు చేశానని అనుకోలేదు. దుర్గక్కకి సంపాదన ఉంది, కాళ్లున్నాయి, ఎక్కడైనా బతుకుతుంది, అనుకుంది. అలా అనుకుంటే కాస్త నిమ్మళించింది.

శుక్రవారం కువైట్‌లో వీరదుర్గకి కాస్త తీరిక. మధ్యాహ్నం ఫోను మోగింది. మంచం పక్కనే ఉండడంతో స్టీఫెనే ఎత్తి స్పీకరు పెట్టాడు.

“తమ్ముడూ, గట్టు తీసేస్తున్నారంట కదా! నాకు చెప్పలేదేం? హన్నా ఉందా అక్కడ?”

“ఉందక్కా, వింటోంది.”

“ఏమే హన్నా, నోరు లేదా? మీకు ఇప్పుడు కూడా స్థలం లేదన్నారని ఇవాళే తెలిసింది. నా స్థలం ఉంది కదా? దాంట్లో పాక ఏసుకోండి. ఒక పక్కకి కూడా కాదు, మధ్యలోనే ఏసుకోండి. నేనొచ్చి ఇల్లు కట్టినప్పుడు నాకో గది ఉంచితే చాలు, ముగ్గురం ఉందాం. నేనొక్కదాన్నీ అంత ఇంట్లో ఏం చేసుకుంటాను?”

స్టీఫెన్ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. “దేవుడు నిన్ను చల్లగా చూడాలక్కా,” అన్నాడు. హన్నా చేతిలో ఉన్న గంజి గిన్నె కింద పెట్టి బయటికి నడిచింది. నాలుగడుగులు వేశాక పరుగెత్తింది.

యామిని ఆవిడ చెప్పిందంతా విని పెదవి కొరుక్కుంది. “తాసీల్దారుగారి లాగిన్‌లోకి వెళ్లిపోయిందండీ. ఇక్కణ్ణించి వెనక్కి తీసుకోవడానికి లేదు.”

“నేను అబద్ధం చెప్పేనని రాసిస్తానండీ.”

“అలా రాస్తే తప్పుడు వాంగ్మూలం ఇచ్చినట్టు మీ మీదే కేసవుతుందండీ. పట్టా మాత్రం తిరిగి రాదు.”

అక్కణ్ణించి శివనాగరాజు ఇంటికి వెళ్లింది. ఆయన భోజనం ముగించి చెయ్యి కడుక్కుంటున్నాడు. “ఇవాళొకటీ రేపొకటీ చెప్తే ఎలాగమ్మా? నీ స్థలం నీకొస్తుంది, వెళ్లు,” అన్నాడు. ఆ మాట పట్టుకుని హన్నా ఇంకో ఎనిమిది రోజులు బతికింది. పాక ఎప్పుడేద్దామని స్టీఫెన్ రోజూ అడిగేవాడు. లేఅవుట్‌లో నిలిచిన నీళ్లు ఇంకా తియ్యలేదని చెప్పేది.

తొమ్మిదో రోజున సచివాలయం గోడకి కొత్త జాబితా అంటించారు. వీరదుర్గ పేరు కొట్టేసి ఉంది. దాని పక్కన ఉమామహేశ్వరి అని ఉంది. శివనాగరాజు తమ్ముడి కోడలు. ఆ నెల్లోనే వేరు కాపురం పెట్టినట్టు వేరే కార్డు తీసుకుందట. హన్నా ఆ పేరు మీద వేలు పెట్టి అలాగే నిలబడిపోయింది. వెనకున్నవాళ్లు పక్కకి జరగమన్నారు.

పొక్లెయిన్ వచ్చిన పొద్దున్న గట్టు మీద ఉన్నవి రెండే ఇళ్లు, హన్నాదీ వీరదుర్గదీ. డ్రైవరు మంచివాడు, గంటసేపు ఆగాడు. నలుగురు మనుషులు స్టీఫెన్‌ని మంచంతో సహా మోసుకెళ్లి తుఫాను షెల్టరు వరండాలో దింపారు. పది రోజులు ఉండమన్నాడు వీఆర్వో. పక్కింటి సామానంతా హన్నా ఒక్కతే షెల్టరుకి మోసింది. తన సామాను సగం గట్టు మీదే ఉండిపోయింది, దాని మీద మట్టి పడింది.

ఆ తర్వాత కువైట్ నుంచి ఫోనొస్తే హన్నా ఎత్తేది కాదు. స్టీఫెన్‌కి అందకుండా కొంగున కట్టుకుని మిల్లుకి పోయేది. పది రోజులు పోయి నెలయింది. మాఘమాసం వచ్చింది.

ఒక ఆదివారం, చర్చి వదిలే వేళకి, షెల్టరు ముందు ఆటో ఆగింది. వీరదుర్గ దిగింది. కళ్ల కింద నల్లగా ఉంది, చీర కుచ్చిళ్లకి లేఅవుట్ బురద అంటి ఉంది. హన్నా లేచి నిలబడింది. వీరదుర్గ ఆవిడ పక్కనుంచే వెళ్లి మంచం మీద కూర్చుంది.

“ఎలా ఉన్నావు తమ్ముడూ?”

“అక్కా! ఎప్పుడొచ్చేవు? చూడు, నీ స్థలంలో ఏసుకోమన్నావు. ఇది ఇంకా ఎయ్యనే లేదు. నీళ్లంటుంది, బురదంటుంది. నువ్వైనా చెప్పక్కా.”

వీరదుర్గ అతని తల నిమిరింది. బ్యాగులోంచి పుండ్లకి రాసే మందు గొట్టాలు నాలుగు తీసి దిండు కింద పెట్టింది. ఆ తర్వాత మడత పెట్టిన జిరాక్సు కాగితం ఒకటి తీసి అతని గుండెల మీద పెట్టింది.

“ఆఫీసులో ఇచ్చేరు. చదువుకో.”

“అక్కా, వద్దు,” అంది హన్నా. “నేనే చెప్తాను. నాకు చెప్పనివ్వు.”

వీరదుర్గ వినిపించుకోలేదు. ఆటోవాడి చేత తన ట్రంకు పెట్టీ, బిందెలూ ఎక్కించుకుంది. హన్నా వెనకాలే వెళ్లి ఆటో కమ్మీ పట్టుకుంది.

“అక్కా, నన్ను కొట్టు. ఏదో ఒకటి అను.”

“ఆ చెయ్యి తీస్తే బండి కదులుతుంది,” అంది వీరదుర్గ, ఎదురుగా రోడ్డు వంకే చూస్తూ. రాజోలు దగ్గర ఎవరో దూరపు చుట్టాలింట్లో మూడు వారాలు తలదాచుకుని ఆవిడ తిరిగి కువైట్ వెళ్లిపోయిందని తర్వాత తెలిసింది.

హన్నా వరండాలోకి వచ్చేసరికి స్టీఫెన్ కాగితం చదవడం పూర్తి చేశాడు. దాన్ని మళ్లీ ముందున్నట్టే మడతపెట్టి పక్కన పెట్టాడు. హన్నా మంచం దగ్గర నేల మీద కూలబడి చెప్పుకుపోయింది, నోటీసు సంగతి, శివనాగరాజు మాట, నీకోసమే చేశాననే మాట. అతను పైకప్పు వంక చూస్తూ ఉన్నాడు.

అతన్ని రెండేసి గంటలకొకసారి పక్కకి తిప్పాలి. తిప్పకపోతే వీపు పుళ్లు పడుతుంది. మిట్టమధ్యాహ్నం దాటింది. హన్నా కళ్లు తుడుచుకుని లేచి, ఎప్పటిలాగే అతని భుజం కింద ఒక చెయ్యీ, తుంటి కింద ఒక చెయ్యీ పెట్టింది.

“ముట్టుకోకు,” అన్నాడు స్టీఫెన్.

“వీపు పోద్దయ్యా.”

“పోనీ. నువ్వు మాత్రం ముట్టుకోకు.”

ఆవిడ ఒక్క క్షణం ఆగింది. తర్వాత అతన్ని గోడవైపుకి తిప్పింది. అతను రెండు చేతులతో మంచం పట్టె పట్టుకుని తిరగకుండా ఉండాలని చూశాడు. ఒకప్పుడు నలభై చెట్లు ఎక్కిన చేతులే, కానీ ఇప్పుడు వాటిలో అంత బలం లేదు.