నేలతంగేడు నలుపు

ఆదోని ఆసుపత్రిలో డాక్టరు దీపం ఉన్న గొట్టంతో మా అత్త తాయమ్మను పరీక్ష చేసి బయటికి వచ్చాడు. పేగు లోపలంతా నల్లబడిందన్నాడు. ఏళ్ల తరబడి ఏదైనా ఆకు కషాయం తాగుతోందా అని అడిగాడు.

"నేలతంగేడు, సామీ" అన్నాను. పెళ్లయి వచ్చినప్పటి నుంచి రోజూ పొద్దుగూకగానే ఆ ఆకు కాచి ఇచ్చేది నేనే. అది తాగకపోతే ఆమెకు విరేచనం కాదు.

"ఆ నలుపు దానివల్లే. నలుపుతో ప్రాణం పోదు. పేగు పైభాగంలో గడ్డ ఉంది, అది ముదిరిపోయింది. ఇంటికి తీసుకుపోండి."

ఎమ్మిగనూరు నుంచి వచ్చిన మా వదిన హుసేనమ్మకు ఆ మాటల్లో నలుపు ఒక్కటే చెవికెక్కింది.

"ఆకు పచ్చగుంటాది. పేగు నల్లగెట్లయితాదే? కాసేటప్పుడు ఇంకేం కలిపినావు?"

"డాక్టరు సెప్పినాడు గదా వదినా."

"ఓహో, నాలుగో తరగతి పండితురాలు! డాక్టరు మాట నీకొక్కదానికే అర్థమయినాది."

ఇంటికి రాగానే వదిన, ఏడాది నిండిన నా కొడుకు ఈరన్నను చంకనేసుకుంది. వాడికి నా చేతి ముద్ద వద్దంది. పొద్దున బండి కట్టించుకుని ఎమ్మిగనూరు తీసుకుపోతానంది. మా ఆయన ఉచ్చీరప్ప అక్కకు ఎదురు చెప్పలేదు. నన్ను పక్కకు పిలిచి, "మాయమ్మ నీ చేతి అంబలి తాగితే సాలు. బిడ్డను ఈడనే ఉంచుతా" అన్నాడు.

తెల్లారి జొన్నంబలి తీసుకుని అత్త మంచం దగ్గరికి వెళ్లాను.

"అత్తా, నీకు తెల్దా? ఆకు తప్ప నేనేమన్నా కలిపినానా?"

ఆమె నా ముంజేయి నిమిరింది.

"మాయమ్మ తాగిన ఆకు అది. సచ్చేదాకా తాగింది. నీళ్లంత మంచిది."

"మంచిదే అత్తా. రంగు మాత్రం..."

"ఆకు అట్లాటిది కాదు వీరమ్మా. నువ్వూ అట్లాటిదానివి కాదు." కాసేపు దూలాల వైపు చూసింది. "మల్ల నేనేమనుకోవల్ల? నువ్వే సెప్పు."

ఆకుది తప్పంటే ఆమె తల్లిని తిట్టినట్టుంటుంది. గిన్నె ఆమె పెదవుల దగ్గర పెట్టాను. ఆమె లోపలికి తొంగి చూసింది. వెలుతురు పడేలా గిన్నె కొంచెం వంచి, మళ్లీ చూసింది. ఇన్నేళ్లలో ఎన్నడూ అలా చూడలేదు.

"ఆడ పెట్టు తల్లీ. హుసేని ఇస్తే తాగుతాలే."

గడప దగ్గర నిలబడిన ఉచ్చీరప్ప అంతా విన్నాడు. నా వైపు చూడకుండా పెరట్లోకి వెళ్లి, దండెం మీది ఈరన్న అంగీలు ఒక్కొక్కటే తీశాడు. ఒకటి ఇంకా తడిగా ఉంది. దాన్ని పిండి, మిగతా వాటితోపాటు మూటగట్టుకుని బండి దగ్గరికి నడిచాడు.