అరుగంత కొండ

నాను కొండని కొలిసి సేసాను. ఊహించి కాదు, పక్కోడిది సూసి కాదు. సర్వే మ్యాపు తెచ్చి, దాని మీద గీత గీతా పట్టుకుని, మా వైజాగ్ యారాడ కొండ ఎక్కడ లేస్తాదో, ఎక్కడ వంగుతాదో, సముద్రంలోకి ముక్కు ఎంత సాపుతాదో, అంతా కంప్యూటర్‌లోకి ఎక్కించాను. అలాంటి కొండని సూసి నన్ను కన్న మాయమ్మ ఏటందో వింటే మీకూ ఒళ్ళు మండుతాది.

ముందు సంగతి సెప్తాను. అది రెండువేల నాలుగు. ద్వారకానగర్‌లో శ్రీరామ్మూర్తి గారి గ్రాఫిక్స్ షాపు. కింద అంతస్తులో పెళ్ళి ఆల్బమ్‌లు సేస్తారు. అంటే గాజువాక పెళ్ళికూతుర్ని తెచ్చి మంచుకొండల ముందు నిలబెట్టడం, పెళ్ళికొడుకు మెడ సుట్టూ గులాబీలు అతికించడం. నాను సేరినకాడ్నుంచీ అదే పని. ఆ గులాబీలంటే నాకు విసుగు పుట్టీసింది.

అప్పుడు హైదరాబాద్ నుంచి ఒక కంపెనీ పని వచ్చింది. కంప్యూటర్ ఆట కోసం ఒక పార్కు. మనిషి కుర్సీలోంచి లెగకుండా జెయింట్ వీల్ ఎక్కాలి, కొండ సుట్టూ తిరిగే రైలెక్కాలి. రైలూ జెయింట్ వీలూ వాళ్ళే సేసుకుంటారు. కొండ, ఒడ్డు, సముద్రం, నేలంతా మేం సెయ్యాలి. సూడగానే వైజాగ్ అని తెలియాలి, సూసినోడు నోరెళ్ళబెట్టాలి. ఇదీ వాళ్ళడిగింది.

శ్రీరామ్మూర్తి గారు నన్నూ సాయిశంకర్‌నీ పై అంతస్తులో కూసోబెట్టారు. "చెరొకటి చెయ్యండి. బాగున్నది పంపిస్తాను. అది చేసినవాళ్ళు పైనే ఉంటారు, రెండోవాళ్ళు మళ్ళీ ఆల్బమ్‌లకి" అన్నారు. నాకు ఆ మెట్లు మళ్ళీ దిగాలని లేదు. జాలారిపేట గుంటని, సేపలోళ్ళ ఆడపిల్లని, కొండ నా ఎదురుగానే పుట్టి పెరిగాను. గెలుస్తాననే అనుకున్నాను.

సాయిశంకర్‌ది పెందుర్తి దగ్గర పల్లె, పొలాలున్న ఇల్లు. మంచోడే గానీ సోకెక్కువ. కొండని పట్టుకుని మూడింతలు పైకి లాగీసాడు. దాని మీంచి జలపాతం ఒకటి దూకించాడు.

"ఆ నీళ్ళు పైకెలా ఎక్కాయి సాయీ, బోరేసావేటి?" అన్నాను.

"సూసీవోడు బోరు సూడడు దుర్గా, జలపాతం సూస్తాడు" అన్నాడు నవ్వుతూ.

"అది మన కొండ కాదు. మన కొండంటే నాను సేసింది."

"నీది నిజమే. కానీ నిజంగా బాగోలేదు."

నాకు సర్రున మండింది. శ్రీరామ్మూర్తి గారి ముందే అన్నాను, "మాయమ్మని తెస్తాను. కంప్యూటర్ ముట్టని మనిషి. పుట్టినకాడ్నుంచీ ఆ కొండని సూస్తన్నాది. ఏది మన కొండో ఆవిడే సెప్తాది." ఆయనకీ ఆ మాట నచ్చింది.

మాయమ్మ పోతమ్మ పూర్ణా మార్కెట్‌లో సేపలమ్ముతాది. మర్నాడు బేరం అయ్యాక కాళీ బుట్టతో షాపుకొచ్చింది. ముందు నాది పెట్టాను. ఆటలో మనిషి అడుగుపెట్టీ గేటు ఎత్తు మిట్ట మీద ఉంది, అక్కణ్ణుంచి పార్కంతా కనపడతాది. మాయమ్మ సూసింది, ముందుకొంగి సూసింది.

"ఇదేటే, ఎవలింటి అరుగు?" అంది.

తర్వాత సాయిశంకర్‌ది పెట్టారు. "ఇది మన యారాడ కొండ గదా. ఆ పారే నీళ్ళేటి బాబూ, బాగున్నాయి" అంది. శ్రీరామ్మూర్తి గారు మొహం పక్కకి తిప్పి నవ్వుకున్నారు. సాయిశంకర్ ఆ పాటి మర్యాద కూడా సూపలేదు, ఎదురుగానే నవ్వాడు. "శనివారం దాకా టైముంది, మార్చుకుంటే మార్చుకో అమ్మా" అన్నారు సార్.

ఇంటికెళ్తూ బస్సులో మాయమ్మని వదల్లేదు. "నీ కూతురి పని నువ్వే ఊడగొట్టావు."

"నువ్వే గదే సెప్పమన్నావు. కనపడింది సెప్పాను."

"కొలిసింది నాది. అతనిది ఉత్త అబద్ధం."

"కొలతలు నాకేటి తెలుసు? మన కొండ మీదికొచ్చినట్టుంటాది. నీది కాళ్ళకింద పడుంది."

కొండని నానూ లాగీగలను. మౌస్ పట్టుకుని పైకంటే సాలు, లేస్తాది. కానీ అలా సేస్తే సాయిశంకర్ కొండే అవుతాది, జలపాతం లేదంతే. కోపంతోనే మర్నాడు పొద్దున్న మాయమ్మతో ఒడ్డుకెళ్ళాను. పడవల కోసం ఆడోళ్ళంతా బుట్టలు పక్కనెట్టుకుని ఇసకలో కూసున్నారు. నాను నిలబడి కొండని సూస్తన్నాను.

"పడవొచ్చీదాకా నిలబడతావేటి, కూసో" అంది మాయమ్మ.

కూసున్నాను. ఇటో తెప్ప, అటో తెప్ప, పక్కన ఎండుసేపల దండెం. వాటి సందులోంచి కొండ పైకి లేసి మీద నిలబడింది. మళ్ళీ నిలబడి సూసాను, మళ్ళీ కూసున్నాను. పక్కావిడ నాకేటైందని మాయమ్మని అడిగింది. నా కొలత తప్పు కాదు. నాను సూసీవోడిని నిలబెట్టిన సోటు తప్పు. సంతోషం ఆగలేదు, మాయమ్మ భుజం పట్టుకుని ఊపీసాను.

షాపుకెళ్ళి మిట్ట తవ్వీసాను. గేటు తెచ్చి ఇసకలో పెట్టాను. సూపుని కూసున్న ఆడమనిషి కళ్ళకాడికి దింపాను. రెండు పక్కలా తెప్పలు, దండెం మీద ఎండుసేపలు. కొండ జోలికి పోలేదు.

శ్రీరామ్మూర్తి గారు వచ్చి సూసారు. "పార్కులో ఎండుచేపలేంటమ్మా?"

"వాసన రాదు గదండి" అన్నాను.

"మీ అమ్మగారిని మళ్ళీ పిలుస్తావా?"

"పిలుస్తానండి. ఓడితే ఆవిడ ముందే ఓడతాను."

శనివారం మార్కెట్‌కి ఎళ్తూ ఎళ్తూ మాయమ్మ వచ్చింది. బుట్టలో సేపలున్నాయి, తొందరలో ఉంది. కుర్సీలో కూసోబెట్టి తెర సూపించాను. ఈసారి కొండ పేరెత్తలేదు. బుట్ట కింద పెట్టింది. మెడ సాపి, కొండ ముక్కు సముద్రంలో కలిసీకాడ సూస్తా ఉండిపోయింది.

"మీ అయ్య పడవ ఇంకా తిరగలేదేటే?" అంది.

మా అయ్య అప్పటికి ఇంటికొచ్చి, గంజి తాగి పడుకున్నాడు. పోసింది మాయమ్మే. ఎవరూ నవ్వలేదు.

సార్ తెర దగ్గరకొచ్చి సూసారు. "కొండని ఎంత పెంచావు?"

"గోరంత కూడా పెంచలేదండి. సూసీవోడిని కిందకి దింపాను."

"ఇదే పంపుతున్నాను" అన్నారు.

సాయిశంకర్ తన సీడీలు సర్దుకుంటన్నాడు. ఆ ఆల్బమ్‌ల గదిలోకి మళ్ళీ దిగడం ఎలాగుంటాదో నాకు తెలుసు.

"ఎక్కడికి? సముద్రంలో ఒక్క పడవ లేదు, ఆవిడ అడిగింది విన్లేదేటి?" అన్నాను. "బొమ్మ కదిలించడం నాకు రాదు, నీకొచ్చు. సార్, ఇద్దరం కావాలండి."

సార్ సరేనన్నారు. సాయిశంకర్ మళ్ళీ కూసున్నాడు. పడవ గీసి, తెరసాప ఎత్తి, నీళ్ళ మీద పెట్టాడు. కొండ ముక్కు ఎనకనుంచి రావాలని మాయమ్మ ఏలు పెట్టి సూపించింది. "అమ్మా, సేపలు పాడైపోతాయే, మార్కెట్‌కి ఎళ్ళవేటి?" అన్నాను. వినిపించుకోలేదు. పడవ కొండ ముక్కు దాటి ఒడ్డుకేసి వచ్చీదాకా ఆ కుర్సీలోంచి లెగలేదు. వచ్చాక బుట్టెత్తుకుని మెట్లు దిగిపోయింది.