ఒక్క నిమిషం ఊపిరి

నర్సింగ్ మూడో ఏడు చదివే ఆ పిల్లను తోటివాళ్లు ‘సిగ్నల్’ అని పిలిచేవాళ్లు. చేతిలో ఫోను లేకపోతే ఒడ్డున పడ్డ చేపలా గిలగిల్లాడిపోతుందని ఆ పేరు. పాఠం జరుగుతున్నా బల్ల కింద ఆమె బొటనవేలు కదులుతూనే ఉండేది.

వార్డులో శిక్షణ మొదలయ్యాక ఫోన్లు లాకర్లో పెట్టి రమ్మన్నారు. మూడో రోజు పొద్దున్న పెద్ద సిస్టర్ ఆమెకు ఏడో మంచం అప్పగించింది. నిమోనియాతో చేరిన ముసలాయన. నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నాడో లెక్కపెట్టి చార్టులో రాయాలి. అంతే పని.

గోడ గడియారం చూసుకుని మొదలుపెట్టింది. తొమ్మిది, పది... రాత్రి పెట్టిన ఫోటోకి ఎవరేమన్నారో? చెయ్యి దానంతటదే జేబులోకి పోయింది. జేబు ఖాళీ. లెక్క తప్పింది. మళ్లీ మొదటికొచ్చింది. ఈసారి పద్నాలుగు దగ్గర తొడ మీద ఫోను అదిరినట్టయింది. లేని ఫోను ఎలా అదురుతుంది! ఒక్కటంటే ఒక్క నిమిషం మనసు నిలవడం లేదు.

ఎవరైనా చూస్తున్నారేమోనన్న భయంతో చార్టులో పద్దెనిమిది అని గీకేసింది. ఎవరికైనా దాదాపు అంతే ఉంటుంది కదా అనుకుంది.

కాసేపటికి పెద్ద సిస్టర్ వచ్చింది. చార్టు చూసింది, ముసలాయన ఎగశ్వాస చూసింది. తనే లెక్కపెట్టింది. ముప్పై నాలుగు! పరుగున డాక్టరు వచ్చాడు. ఆక్సిజన్ పెట్టారు. ఆయన కాస్త తెరిపిన పడేదాకా సిగ్నల్ గోడకు అతుక్కుపోయి నిలబడింది.

“ఏమ్మా, పద్దెనిమిది ఎక్కణ్ణుంచి వచ్చింది?”

“లెక్క నిలవలేదు సిస్టర్. ఊహించి రాసేశాను.”

“నిలవకపోతే నన్ను పిలవాలి. ఊపిరి విషయంలో ఉజ్జాయింపులేంటి?” సిస్టర్ కుర్చీ లాగింది. “కూర్చో. మళ్లీ లెక్కపెట్టు.”

మూడుసార్లు తప్పింది. నాలుగోసారికి నిమిషం నిండింది. “ఇరవై ఎనిమిది,” అంది.

“నాకూ అంతే వచ్చింది.”

ఆ మాటకు ఊరట కలగాల్సింది పోయి ఆమెకు వెనకటి రెండు రోజుల చార్టులు గుర్తొచ్చాయి. నిన్న అయిదుగురు, మొన్న ఆరుగురు. ఆ అంకెలన్నీ ఎలా రాసిందో ఆమెకు తెలుసు.

“సిస్టర్... నిన్నవీ మొన్నవీ కూడా...” అంది తలెత్తకుండా.

సిస్టర్ తిట్టలేదు. తిట్టినా బాగుండేదనిపించింది. చార్టుల కట్ట ఆమె చేతిలో పెట్టి, “పద. ఒకటో మంచం నుంచి మొదలుపెడదాం,” అంటూ గబగబా ముందుకు నడిచింది.